దాచుకోనన్న మాట ఎక్కడ రాసి ఉంది?

సీ భాషలో ఒక ఫంక్షన్ తన లోకల్ వేరియబుల్ చిరునామాను రిటర్న్ చేసిందనుకోండి. ఫంక్షన్ ముగియగానే స్టాక్ మీద దాని ఫ్రేమ్ పోతుంది. ఆ జాగాను తర్వాత వచ్చే ఫంక్షన్ వాడుకుంటుంది. చిరునామా మాత్రం పిలిచినవాళ్ల దగ్గర ఉండిపోతుంది. దాన్ని చదివితే ఒక్కోసారి పాత విలువే కనిపిస్తుంది, ఒక్కోసారి చెత్త వస్తుంది, ఒక్కోసారి ప్రోగ్రామ్ కూలిపోతుంది. వీటిలో పాత విలువ కనిపించడమే ఎక్కువ ప్రమాదం. పరీక్షల్లో అంతా బాగున్నట్టే ఉంటుంది, తప్పు అలాగే వాడకంలోకి వెళ్లిపోతుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలామందికి మొదటి భాష సీ కావడంతో ఈ తప్పుతో తొలి పరిచయం కూడా ల్యాబ్‌లోనే అవుతుంది.

నేరుగా లోకల్ చిరునామాను రిటర్న్ చేస్తే జీసీసీ, క్లాంగ్ రెండూ హెచ్చరిస్తాయి. అదే చిరునామాను ఒక గ్లోబల్ పాయింటర్‌లో దాచినా, వేరే ఫైల్‌లో ఉన్న ఫంక్షన్ గుండా తిప్పి పంపినా ఆ హెచ్చరిక వస్తుందన్న నమ్మకం లేదు. సీలో ఫంక్షన్ సిగ్నేచర్ ఈ విషయం ఎత్తనే ఎత్తదు. పాయింటర్ తీసుకుంటానని చెబుతుంది. పని అయ్యాక వదిలేస్తుందా, ఎక్కడైనా దాచుకుంటుందా అన్నది మాన్యువల్‌లో వెతుక్కోవాలి. ‘నువ్విచ్చింది దాచుకోను’ అన్న ఈ మాటను ఒక భాష ఎక్కడ రాయించుకుంటుందో చూస్తే, ఆ భాష ప్రోగ్రామర్‌తో ఎలా వ్యవహరిస్తుందో తెలిసిపోతుందని నా నమ్మకం.

రిఫరెన్స్‌కు రెండు దిక్కుల ప్రయాణం ఉంది. ఆర్గ్యుమెంట్‌గా కిందికి దిగుతుంది, రిటర్న్ విలువగా పైకి ఎక్కుతుంది. లిస్ప్ ప్రపంచంలో, ఫంక్షన్లనే విలువలుగా పంపుకునేటప్పుడు వచ్చిన ఇదే చిక్కును ఫనార్గ్ సమస్య అన్నారు. జోయెల్ మోజెస్ 1970లో దీని మీద ప్రత్యేకంగా రాశారు. కిందికి దిగే ప్రయాణం స్వతహాగా క్షేమం, ఎందుకంటే పిలిచిన ఫంక్షన్ ఫ్రేమ్ ఇంకా బతికే ఉంటుంది. మధ్యలో ఎవరూ దాన్ని దాచుకోకపోతే చాలు. పైకి వెళ్లే ప్రయాణంలోనే అసలు కష్టం.

అదే 1970లో నిక్లాస్ విర్త్ ప్రకటించిన పాస్కల్ ఈ కష్టాన్ని మొదలుకాకుండానే ఆపింది. ప్రామాణిక పాస్కల్‌లో లోకల్ వేరియబుల్ చిరునామా తీసుకునే ఆపరేటరే లేదు. పాయింటర్ కావాలంటే న్యూ పిలిచి హీప్ నుంచి తెచ్చుకోవాల్సిందే. వార్ పారామీటర్ రూపంలో రిఫరెన్స్ కిందికి వెళ్తుంది. అక్కడ దాన్ని చదవొచ్చు, మార్చొచ్చు, ఇంకా కిందికి పంపొచ్చు. వేరియబుల్‌లో దాచడానికీ రిటర్న్ చేయడానికీ దారి లేదు. గ్రంథాలయంలో కొన్ని పుస్తకాలను హాల్లో కూర్చుని ఎంతసేపైనా చదువుకోనిస్తారు, గడప దాటనివ్వరు. ఇదీ అలాంటి ఏర్పాటే. విర్త్ తర్వాతి భాష మాడ్యులా-2లో ప్రొసీజర్లను వేరియబుల్స్‌లో పెట్టుకునే వీలు వచ్చింది, కానీ ఇంకో ప్రొసీజర్ లోపల పుట్టిన ప్రొసీజర్‌ను అలా పెట్టకూడదన్న షరతుతో వచ్చింది. మొదటి కంపైలర్ల చిన్న మెమరీలో కూడా తనిఖీ చేయగల నియమం ఇది. దీన్ని పాతకాలపు పరిమితి అని తోసిపుచ్చేవాళ్లతో నేను ఏకీభవించను. రోజువారీ ప్రోగ్రాముల్లో రిఫరెన్సులు చేసే పనిలో ఎక్కువ భాగం ఈ ‘కిందికి మాత్రమే’ అన్న చట్రంలో సరిపోతుంది.

ఆల్గాల్ 68, ఆ తర్వాత ఏడా 95 ఇంకో దారి పట్టాయి. రిఫరెన్స్ తనకన్నా ఎక్కువకాలం బతికే చోటికి వెళ్లకూడదన్న నియమం పెట్టుకుని, కంపైల్ సమయంలో తేలనిదాన్ని ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చూడాలన్నాయి. ఏడాలో యాక్సెస్ పారామీటర్ తనతోపాటు తన లోతు ఎంతో మోసుకుపోతుంది, నియమం తప్పితే ప్రోగ్రామ్ ఎర్రర్ లేస్తుంది. ఇది నిజాయితీ గల పద్ధతే. అయితే నియమాలు అర్థం చేసుకోవడం కష్టమైన చోట, తనిఖీని పక్కనపెట్టే అన్‌చెక్డ్ యాక్సెస్ రాసేయడం తేలిక.

ఇక గో, రస్ట్. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో ఎదిగాయి. గో 2009లో బయటికి వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరు, సీకి ముందున్న బీ భాషను రాసిన కెన్ థాంప్సన్. మిగతా ఇద్దరు రాబ్ పైక్, రాబర్ట్ గ్రీజ్‌మర్. రస్ట్ 1.0 వచ్చింది 2015 మే నెలలో. సీలో ఉన్న ఈ గాయాన్ని రెండూ మాన్పాయి, పూర్తిగా వేర్వేరు మందులతో.

గోలో లోకల్ వేరియబుల్ చిరునామాను నిక్షేపంగా రిటర్న్ చేయొచ్చు. ఆ వేరియబుల్ ఫంక్షన్ దాటిపోతోందని కంపైలర్ గుర్తిస్తే దాన్ని స్టాక్ మీద కాకుండా హీప్‌లో పెడుతుంది. ఎప్పుడు తీసేయాలో గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. ఈ గుర్తింపునే ఎస్కేప్ అనాలిసిస్ అంటారు. వేరియబుల్ ఎక్కడ ఉందో ప్రోగ్రామ్ సరిగా నడవడానికి మీకు తెలియనవసరం లేదని గో వాళ్ల ప్రశ్నోత్తరాల పేజీ చెబుతుంది. వేగం కావలసినవాళ్లు కంపైలర్‌కు మైనస్ ఎమ్ ఫ్లాగ్ ఇచ్చి, ఏది హీప్‌కు పోయిందో చదువుకుంటారు. అంటే దాటిపోవడం గోలో తప్పు కాదు, ఖర్చు.

ఈ ఏర్పాటు ఎక్కడ చాలదో చూపడానికి గో స్టాండర్డ్ లైబ్రరీలోని రీడర్ ఇంటర్‌ఫేస్‌ను మించిన ఉదాహరణ లేదు. అందులో ఉన్నది ఒకే మెథడ్, రీడ్. పిలిచేవాళ్లు ఒక బైట్ స్లైస్ ఇస్తారు, రీడ్ దాన్ని నింపి ఎన్ని బైట్లు నింపిందో చెబుతుంది. బఫర్‌ను పిలిచేవాళ్లే ఇవ్వడం వల్ల ప్రతిసారీ కొత్త మెమరీ అడగనవసరం లేదు, అదే బఫర్‌ను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. చక్కటి డిజైన్. ఈ ఇంటర్‌ఫేస్ పైనున్న వ్యాఖ్యలో ఒక షరతు కనిపిస్తుంది: దీన్ని అమలు చేసేవాళ్లు ఆ స్లైస్‌ను తమ దగ్గర ఉంచేసుకోకూడదు. నేను వెతుకుతున్న మాట సరిగ్గా ఇదే. కానీ అది ఉన్నది వ్యాఖ్యలో. మనుషులు చదువుతారు, కంపైలర్ చదవదు.

దీనికి నష్టాలు రెండు. ఇంటర్‌ఫేస్ ద్వారా పిలిచినప్పుడు అవతల ఏ అమలు ఉందో కంపైలర్‌కు సాధారణంగా తెలియదు. కాబట్టి బఫర్ దాటిపోతుందనే అనుకుని హీప్‌లో పెట్టేస్తుంది. షరతును అందరూ పాటించినా దాని ఫలం అందదు. రెండో నష్టం ఇంతకన్నా లోతైనది. ఎవరో షరతు తప్పి స్లైస్‌ను దాచుకున్నారనుకోండి. గార్బేజ్ కలెక్టర్ ఉంది కాబట్టి చచ్చిన మెమరీని ముట్టుకునే ప్రమాదం లేదు. అయితే పిలిచినవాళ్లు అదే బఫర్‌ను తర్వాతి రీడ్‌కు వాడతారు. దాచుకున్నవాళ్ల డేటా వాళ్ల కళ్లెదుటే మారిపోతుంది. ఏ ఎర్రరూ రాదు. చచ్చిన మెమరీ సమస్యను కలెక్టర్ తీర్చింది, ఒకే జాగాకు ఇద్దరు యజమానులున్న సమస్యను తీర్చలేదు. గార్బేజ్ కలెక్షన్ ఉంటే ఈ చర్చే అక్కర్లేదని వాదించేవాళ్లు ఈ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోరు.

రస్ట్‌లో ఇదే పనికి రీడ్ అనే ట్రెయిట్ ఉంది. దాని మెథడ్ కూడా మార్చదగిన బైట్ స్లైస్‌ను రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. పక్కపక్కన పెడితే రెండు సిగ్నేచర్లూ కవలల్లా ఉంటాయి. కానీ రస్ట్ సిగ్నేచర్‌లో, రీడర్ లైఫ్‌టైమ్‌కూ బఫర్ లైఫ్‌టైమ్‌కూ ఏ సంబంధమూ చెప్పలేదు. చెప్పకపోవడమే అక్కడ షరతు. బఫర్‌ను తన ఫీల్డ్‌లో దాచుకోవాలని చూసిన అమలు కంపైల్ కాదు. గోలో వ్యాఖ్యగా మిగిలిన మాట ఇక్కడ టైప్‌లో భాగం. పైగా ప్రోగ్రామర్ అదనంగా రాసింది ఏమీ లేదు, లైఫ్‌టైమ్ పేర్లను వదిలేసి రాయనిచ్చే నియమాలే ఆ పని చేశాయి. రస్ట్ అంటే అంతా టిక్ ఏ, టిక్ బీ అనే లైఫ్‌టైమ్ పేర్ల మయమని భయపడేవాళ్లకు నేను ముందు ఈ ఒక్క మెథడ్ చూపిస్తాను.

కిందికి దిగేదానిలో రస్ట్‌దే పైచేయి. పైకి ఎక్కేదానిలో సంగతి అంత సూటిగా తేలదు. దానికి ఒక చిన్న ఫంక్షన్ తీసుకుందాం: ఒక పెద్ద టెక్స్ట్ ఇస్తే అందులోని మొదటి పదాన్ని, కాపీ చేయకుండా, తిరిగి ఇవ్వాలి.

గోలో ఆ పదం పాత స్ట్రింగ్ మెమరీనే పంచుకుంటుంది. రాయడం ఒక్క లైను. ఆ చిన్న పదాన్ని ఒక మ్యాప్‌లో పెట్టుకుంటే దాని కోసం పెద్ద టెక్స్ట్ మొత్తం మెమరీలో బతికి ఉంటుంది. అందుకే 2022లో గో 1.18 స్ట్రింగ్‌లకు క్లోన్ ఫంక్షన్‌ను చేర్చింది. జావా ఈ దెబ్బ ముందే తిన్నది. జావా 6 వరకు సబ్‌స్ట్రింగ్ పాత అక్షరాల అర్రేనే పంచుకునేది. 2012లో వచ్చిన జావా 7 అప్‌డేట్ 6 నుంచి అది కాపీ చేయడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మార్పుతో ఒకవైపు అంతుపట్టని మెమరీ లీకులు పోయాయి, మరోవైపు క్షణంలో అయ్యే సబ్‌స్ట్రింగ్ పొడవును బట్టి సమయం తీసుకోసాగింది. సిగ్నేచర్‌లో ఒక్క అక్షరం మారలేదు. దాటిపోయే రిఫరెన్స్ గురించి సిగ్నేచర్ మౌనంగా ఉంటే, ఇంత పెద్ద మార్పు కూడా పిలిచేవాళ్లకు కనిపించకుండా జరిగిపోతుంది.

రస్ట్‌లో మొదటి పదం అరువు తెచ్చిన ముక్క. అది చేతిలో ఉన్నంతసేపు మూల టెక్స్ట్‌ను వదిలేయడానికి గానీ మార్చడానికి గానీ కంపైలర్ ఒప్పుకోదు. ఫంక్షన్ తన లోపలే టెక్స్ట్ తయారుచేసుకుని అందులో ముక్కను ఇవ్వబోతే, లోకల్ వేరియబుల్‌కు రిఫరెన్స్ రిటర్న్ చేయలేవని సూటిగా చెప్పి ఆపుతుంది. ఇంతవరకు ఆనందమే. ఆ ముక్కను ఒక స్ట్రక్ట్‌లో పెట్టుకోగానే స్ట్రక్ట్ పేరు పక్కన టిక్ ఏ వస్తుంది. ఆ స్ట్రక్ట్‌ను పట్టుకున్న ఇంకో స్ట్రక్ట్‌కూ వస్తుంది. దాన్ని తీసుకునే ఫంక్షన్లకూ పాకుతుంది. ఒక లోపలి నిర్ణయం మారితే సిగ్నేచర్లన్నీ తిరగరాయాల్సిన రోజు వస్తుంది. చాలామంది అక్కడ క్లోన్ చేసి ముందుకు వెళ్తారు. దాన్ని ఓటమి అనను. జావాలో కనబడకుండా మారిపోయిన కాపీ ఇక్కడ కోడ్‌లో కనబడుతూ ఉంది, దాన్ని చదివి ప్రశ్నించవచ్చు.

రస్ట్ చెప్పలేని మాటలు కూడా ఉన్నాయి. ఫైల్‌ను లైన్ తర్వాత లైన్‌గా, ఒకే బఫర్‌లో చదువుతూ, ప్రతి లైనునూ అరువుగా ఇవ్వాలంటే స్టాండర్డ్ ఇటరేటర్ ట్రెయిట్‌లో ఆ సంబంధం రాయడానికి చోటు లేదు. అందుకే లైన్స్ మెథడ్ ప్రతి లైన్‌కూ కొత్త స్ట్రింగ్ తయారుచేస్తుంది. గోలో స్కానర్ అదే పనిని బఫర్ పంచుకుంటూ చేస్తుంది. బైట్స్ మెథడ్ ఇచ్చిన ముక్క తర్వాతి స్కాన్‌తో చెరిగిపోవచ్చని, మళ్లీ వ్యాఖ్యలోనే, హెచ్చరిస్తుంది. ఒకటి క్షేమం కోసం మెమరీ ఖర్చు పెట్టింది, ఇంకొకటి మెమరీ మిగిల్చి క్షేమాన్ని మన జాగ్రత్తకు వదిలింది. రస్ట్ 1.65, 2022 నవంబరులో, జెనరిక్ అసోసియేటెడ్ టైప్స్ తెచ్చాక ఇలాంటి అరువు ఇటరేటర్‌ను సొంతంగా రాసుకునే వీలు కలిగింది. స్టాండర్డ్ ఇటరేటర్ మాత్రం పాతదే.

రస్ట్ చరిత్రలో ఈ అంశానికి సంబంధించి నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం 1.0కు ముందు, 2015 వసంతంలో జరిగింది. ఒక ఫంక్షన్ తన లోకల్ వేరియబుల్స్‌కు రిఫరెన్సులను కొత్త థ్రెడ్‌కు ఇచ్చేందుకు అప్పట్లో ఒక స్కోప్డ్ ఫంక్షన్ ఉండేది. అది ఒక గార్డ్ విలువను రిటర్న్ చేసేది. ఆ గార్డ్ డిస్ట్రక్టర్ నడిచినప్పుడు థ్రెడ్ ముగిసేదాకా ఆగేది. కాబట్టి ఫ్రేమ్ పోయేలోగా థ్రెడ్ పోతుందని లెక్క. అయితే డిస్ట్రక్టర్ నడిచి తీరుతుందని భాష ఎక్కడా హామీ ఇవ్వలేదు. గార్డ్‌ను రిఫరెన్స్ కౌంటింగ్ వలయంలో పెట్టి లీక్ చేస్తే డిస్ట్రక్టర్ ఎన్నటికీ నడవదు, ఫంక్షన్ ముగుస్తుంది, థ్రెడ్ చచ్చిన ఫ్రేమ్‌ను చదువుతూనే ఉంటుంది. ఒక్క అన్‌సేఫ్ పదం లేకుండా సీ నాటి గాయం మళ్లీ తెరుచుకుంది. విడుదలకు కొద్ది వారాల ముందు ఆ ఫంక్షన్‌ను స్టేబుల్ లైబ్రరీ నుంచి తీసేశారు.

అది తిరిగి స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చింది 2022 ఆగస్టులో, 1.63లో. ఈసారి గార్డ్‌ను రిటర్న్ చేయలేదు. స్కోప్ ఫంక్షన్ ఒక క్లోజర్‌ను తీసుకుంటుంది, దాన్ని నడిపిస్తుంది, లోపల మొదలైన థ్రెడ్లన్నీ ముగిశాకే తాను రిటర్న్ అవుతుంది. పైకి ఎక్కే విలువ మీద పెట్టిన నమ్మకాన్ని తీసి, కిందికి దిగే క్లోజర్ మీద పెట్టారు. విర్త్ గీసిన గీత వైపే రస్ట్ కూడా తిరిగి నడిచిందని నేను దీన్ని చదువుకుంటాను. హాస్కెల్ కూడా ఈ చోటికి 1994లోనే చేరింది. లాంచ్‌బరీ, పేటన్ జోన్స్ ప్రతిపాదించిన రన్ ఎస్‌టీలో, లోపల పుట్టిన రిఫరెన్స్ బయటికి రాకుండా ఆ ఫంక్షన్ టైపే అడ్డుకుంటుంది.

స్విఫ్ట్, సీ షార్ప్ ఈ విషయంలో చర్చకు రావలసినంతగా రావు. స్విఫ్ట్‌లో మొదట క్లోజర్ పారామీటర్లన్నీ దాచుకోదగినవే. దాచుకోనని చెప్పాలంటే నోఎస్కేప్ అని రాయాలి. 2016లో స్విఫ్ట్ 3 దీన్ని తిరగేసింది. ఏమీ రాయకపోతే దాచుకోనట్టు, దాచుకుంటే ఎస్కేపింగ్ అని ఒప్పుకోవాలి. తనిఖీ చేసే శక్తి కొత్తగా ఏమీ రాలేదు, మౌనానికి అర్థం మాత్రం మారింది. ఆ తర్వాత స్విఫ్ట్ కోడ్‌లో ఎస్కేపింగ్ అన్న పదం కనబడగానే చదివేవాళ్లు ఆగి, ఈ క్లోజర్ ఎవరిని పట్టుకుని ఉందని చూసుకుంటారు. భాషా రూపకర్తలు తీసుకున్న మంచి నిర్ణయాల్లో దీన్ని నేను చాలా ఎత్తున పెడతాను. మొదటి పదం ప్రశ్నకు కూడా స్విఫ్ట్ దగ్గర సొంత జవాబు ఉంది. ముక్కకు సబ్‌స్ట్రింగ్ అని వేరే టైప్, ఎక్కువకాలం ఉంచుకోవాలంటే స్ట్రింగ్‌గా మార్చుకోమని సలహా. అది సలహాయే, నియమం కాదు. బఫర్ పాయింటర్లను క్లోజర్‌కు అందించే దాని అన్‌సేఫ్ ఫంక్షన్ల విషయంలోనూ దాటనివ్వవద్దన్న షరతు డాక్యుమెంటేషన్‌కే పరిమితమైంది. 2025లో స్విఫ్ట్ 6.2తో వచ్చిన స్పాన్ టైప్ ఆ షరతును కంపైలర్ చేతికి అప్పగించింది.

సీ షార్ప్ 2002 నుంచీ రెఫ్ పారామీటర్లను పాస్కల్ పద్ధతిలోనే నడిపింది, కిందికి మాత్రమే. 2017లో 7.0 రెఫ్ రిటర్న్‌కు తలుపు తీసింది, అదే ఏడాది 7.2 రెఫ్ స్ట్రక్ట్ అనే కొత్త జాతిని తెచ్చింది. స్పాన్ ఆ జాతిదే. క్లాస్ ఫీల్డ్‌లో ఉండలేదు, ల్యాంబ్డాలోకి వెళ్లలేదు. రస్ట్ లాగా లైఫ్‌టైమ్‌లకు పేర్లు పెట్టకుండా, రిటర్న్ అయిన స్పాన్ ఆర్గ్యుమెంట్లలో దేని నుంచైనా వచ్చి ఉండవచ్చని పిలిచే చోట కంపైలర్ అనుకుంటుంది. ఈ అనుమానం ఎక్కువైన చోట ఏం చేయాలి? 2022లో సీ షార్ప్ 11 స్కోప్డ్ అన్న ఒక్క పదం ఇచ్చింది. ఈ పారామీటర్ పైకి పోదు, అంతే దాని అర్థం. రెండు టెక్స్ట్‌లు తీసుకుని మొదటిదానిలో ముక్కను ఇచ్చే ఫంక్షన్‌కు రస్ట్‌లో టిక్ ఏ పేరు పెట్టి, మొదటిదానికీ ఫలితానికీ తగిలించాలి. సీ షార్ప్‌లో రెండోదానికి స్కోప్డ్ అంటే చాలు. ఎక్కువమంది ఎక్కువసార్లు రాసే కోడ్‌కు ఈ అవును-కాదు భాషే సరిపోతుందని నా అంచనా. స్పాన్‌లను మామూలు లిస్ట్‌లో పోగేసుకోవాలన్నప్పుడు మాత్రం అది చేతులెత్తేస్తుంది. అక్కడ రస్ట్‌కు సాటి లేదు.

అసింక్ దగ్గర ఈ తేడా ఇంకా పదునుగా కనబడుతుంది. డాట్‌నెట్ స్ట్రీమ్‌లో రీడ్ స్పాన్‌ను తీసుకుంటుంది, రీడ్ అసింక్ మాత్రం మెమరీ అనే వేరే టైప్‌ను తీసుకుంటుంది. ఎందుకంటే అవెయిట్ దగ్గర ఆగిన ఫంక్షన్ లోకల్స్ హీప్‌కు తరలిపోతాయి, స్పాన్ అక్కడికి వెళ్లకూడదు. రస్ట్ రిఫరెన్సులను అవెయిట్ దాటనిచ్చింది, దానికోసం పిన్ అనే భావన కనిపెట్టాల్సి వచ్చింది. రస్ట్‌లో నేర్చుకోవడానికి కష్టమైన వాటిలో అదొకటి. ఇక్కడ సీ షార్ప్ వద్దనడమే నాకు నచ్చింది.

మళ్లీ గో దగ్గరికి వస్తే, ‘దాచుకోను’ అన్న మాటకు గోలో నిజానికి ఒక రాతరూపం ఉంది. నోఎస్కేప్ అనే డైరెక్టివ్. కాకపోతే గోలో బాడీ లేని, అసెంబ్లీలో రాసిన ఫంక్షన్ల ప్రకటనల మీదే దాన్ని పెట్టాలి. అక్కడ కూడా కంపైలర్ దాన్ని తనిఖీ చేయదు, నమ్ముతుంది. ఇంటర్‌ఫేస్ మెథడ్ మీద రాయడానికి వీలే లేదు. సరళత కోసం గో వదులుకున్నవాటిలో చాలావాటిని నేను సమర్థిస్తాను, దీన్ని సమర్థించలేను. రీడర్‌ను అమలు చేసే టైపులు లెక్కలేనన్ని ఉన్నాయి, 2012లో గో 1తో ఇచ్చిన పాత కోడ్ చెడనివ్వమన్న హామీ ఉంది. ఆ షరతును ఇప్పుడు సిగ్నేచర్‌లోకి తేవాలంటే ఈ రెండిటినీ దాటాలి. కొత్త ఇంటర్‌ఫేస్‌ల కోసమైనా, స్కోప్డ్ లాంటి ఒక్క పదానికి గో చోటిస్తే బాగుండును. అది రాసినచోట కంపైలర్ బఫర్‌ను నిశ్చింతగా స్టాక్ మీద ఉంచగలదు, దాచుకోబోయిన అమలును ఆపగలదు.